పేరు పెట్టుకోని బావ

మా బావది పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. మెట్ల కింద చిన్న గది, పైకప్పు తలకు తగిలేంత కిందికి ఉంటుంది. మనిషి నెమ్మదస్తుడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, మితిమీరిన నిజాయితీ. మరదలిని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మా అక్క ఇంట్లో కూర్చుని, డాక్టర్లు చెప్పి పంపే రిపోర్టులు విని టైపు చేస్తుంది. కొన్నేళ్లుగా చూపు మందగించింది. తెల్ల తెర మీద నల్ల అక్షరాలు చీమల బారులా కలిసిపోయేవి. ఉద్యోగం పోతుందని ఆమె కుమిలిపోతుంటే, బావ టైపు చేసుకునే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. దాని కోడు అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. బావ దాన్ని నల్ల తెర మీద పెద్ద పెద్ద పసుపు అక్షరాలు వచ్చేలా, టైపు చేసిన ప్రతి మాటా పైకి చదివేలా మార్చాడు. అక్క ఉద్యోగం నిలబడింది. ఆ నోటా ఈ నోటా విని, చూపు తగ్గినవాళ్లు కొట్టుకు రావడం మొదలుపెట్టారు. అందరికీ పెన్‌డ్రైవుల్లో ఊరికే ఇచ్చాడు.

"దాని మీద నీ పేరు పెట్టుకోరాదా బావా?" అన్నాను ఒకసారి.

"సొమ్మొకడిది సోకొకడిది అంటారు. కష్టం దాన్ని తయారు చేసినవాళ్లది, నేను కాస్త మార్చానంతే. వాళ్ల పేరూ లోగో తీసేస్తే దొంగతనం కాదూ?"

ఆ గౌరవమే కొంప ముంచింది. పక్క వీధి గుమాస్తా ఒకాయన పని మధ్యలో ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. పొద్దుటి నుంచి చేసిందంతా పోయింది. ఆయన తెర మీదున్న పేరు చూసి, ఆ పేరు గలవాళ్లకే చడామడా తిడుతూ మెయిలు పెట్టాడు. వాళ్లు ఆరా తీస్తే బావ దగ్గర తేలింది. 'ఇది మా ట్రేడ్‌మార్క్. మా పేరుతో, మా లోగోతో మార్చిన కాపీలు పంచడం వెంటనే ఆపండి' అని బావకు మెయిలు వచ్చింది.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, బావ ముందుగా అక్క కంప్యూటర్లోంచే దాన్ని తీసేశాడు. మిగతావాళ్ల దగ్గరా తీసేసి వస్తానని సంచి భుజాన వేసుకున్నాడు. అక్క తెరకు ముక్కు ఆనించి ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. సాయంత్రానికి పంపాల్సిన రిపోర్టు మొదటి పేరా కూడా దాటలేదు. నాకు ఒళ్లు మండింది.

"బావా, అసలు ఏం ఆపమన్నారో వాళ్లని అడిగావా?"

"చదివాను కదమ్మా."

"చదివితే సరిపోదు. ఫోను చెయ్యి. నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా. నా నోరు నీకు తెలుసు."

నా నోటికి జడిసి చేశాడు. స్పీకరు పెట్టించాను. అవతల ఒకావిడ ఎత్తింది. ఆవిడ హలో అనీ అనకముందే బావ అందుకున్నాడు.

"తప్పయిపోయిందండీ, అన్నీ తీసేస్తున్నానండీ."

"అయ్యో, తీసేయడం ఎందుకండీ? కోడు మార్చుకోండి, పంచుకోండి, మాకేం అభ్యంతరం లేదు. మార్చినదానికి మా పేరూ మా లోగో పెట్టొద్దంటున్నాం, అంతే. అది చెడిపోతే తిట్లు మేం తింటున్నాం. మేం కళ్లతో చూడనిదానికి ఎలా పూచీ పడతాం చెప్పండి?"

"మరి మీ పేరు తీసేస్తే మీ కష్టం కాజేసినట్టు కాదాండీ?"

"మా కాపీరైటు వివరాలు లోపల అలాగే ఉంచండి. దేన్నుంచి తయారు చేశారో ఒక ముక్క రాయండి. పైన మాత్రం మీ సొంత పేరు పెట్టుకోండి."

ఫోను పెట్టేసి బావ కుర్చీలో కూలబడ్డాడు. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. అక్క నవ్వబోయి ఏడ్చేసింది. "ముందు నాది నాకు పెట్టేయండి, రిపోర్టు పంపాలి" అంది కళ్లు తుడుచుకుంటూ. బావ పాత పేరూ లోగో తీసేసి పెట్టేదాకా ఆమె ఆయన పక్కనుంచి కదల్లేదు.

కొత్త పేరు కూడా అక్కే చెప్పింది, 'పసుపక్షరం' అని. బావ వాడేవాళ్లందరి ఇళ్లకూ తిరిగి, పాతది తీసి కొత్తది పెట్టి వచ్చాడు. ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలన్న చోట తన ఫోను నంబరు వేశాడు.

మొదటి ఫోను ఒక రిటైర్డ్ టీచరమ్మది. ఆవిడ కేకలు పక్కనున్న నాకూ వినిపించాయి. బావ అంతా విని, "అవునమ్మా, అది నేను చేసిందే. తప్పు నాదే, ఇప్పుడే వచ్చి సరిచేస్తాను" అన్నాడు. 'నేను చేసింది' అన్న మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. తిట్లు తిని అంత సంతోషంగా బయల్దేరిన మనిషిని నేనెక్కడా చూడలేదు.