తేటపడిన నీళ్ళు

మా పక్కింటి కాంపౌండరు బాబాయి పోయాడని సత్తెనపల్లిలో నాకు కార్డు అందేసరికి మూడు రోజులయింది. నేను నరసరావుపేట చేరి సమాధుల దొడ్డికి వెళ్తే మట్టి అప్పటికే పొడారిపోయి ఉంది. ఆయన నాకు చుట్టం కాదు. అయినా ఆయనతో నేనొక అబద్ధమాడాను, అది ఒప్పుకోకుండా ఆయన్ని తలుచుకునే మొహం నాకు లేదు.

"కూతురు మంచాన పడుంటే చేపలు పెంచుకున్నాడు, పిచ్చి మారాజు" అని మా వీధిలో ఇప్పటికీ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి కోసం పెంచాడో వీళ్ళకేం తెలుసు!

ఆ కూతుర్ని నేను అక్కా అనేదాన్ని. తల్లి లేని పిల్ల. యుద్ధం రోజుల్లో క్షయ పట్టుకుంది. గాలీ వెలుతురూ తగలాలని డాక్టరు చెబితే మంచం వరండాలోకి మార్చారు. పడుకుని గోడ చూసీ చూసీ విసిగిపోతోందని బాబాయి పాత కిటికీ అద్దాలు ఇనప చట్రంలో బిగించి, లప్పం పెట్టి, గాజు తొట్టి చేశాడు. అడుగున ఇసుక పోసి, వాగులోంచి తెచ్చిన నీటిమొక్కలు నాటి, అయిదు పరిగె చేపలు వదిలాడు. అక్క తల పక్కకు తిప్పితే చాలు, కనపడేవి. రెండు నెలలు తిరిగేసరికి అద్దాలకు నాచు పట్టింది.

ఆ నాచుతో ఆయన పడిన యాతన అంతా ఇంతా కాదు. గోనెపట్టా కట్టి ఎండ ఆపాడు. నత్తలు తెచ్చి వేశాడు. ఎండాకాలం బావి అడుగంటి జనం చేదల దగ్గర కొట్టుకుంటుంటే, తన స్నానం మానుకుని ఆ రెండు బిందెలూ తొట్టిలో పోశాడు. నాచు కాస్త తగ్గిందనుకుంటే ఈసారి నీలిపచ్చ జిగట పొర మొక్కల మీద దుప్పటిలా పరుచుకుంది. వేలితో ఎత్తితే తోలులా లేచి వచ్చేది, మర్నాటికి మళ్ళీ మామూలే. ఒకటే మురుగు కంపు. నాలుగు రోజులు నల్లగుడ్డ కప్పితే చస్తుందని ఎవరో చెబితే అదీ చేశాడు. ఒక్కరోజుకే అక్క, "గుడ్డ తియ్యి నాన్నా, నాకు పొద్దు పోవటంలా" అంది. తీసేశాడు.

"ఆస్పత్రిలో మైలుతుత్తం ఉందిగా బాబాయ్, చిటికెడు వెయ్యరాదూ?" అన్నాన్నేను.

"నాచుతో పాటు చేపలూ పోతయ్యే. మీ అక్క చూస్తంటది" అన్నాడు. గొంతు తగ్గించి, "నాచు జబ్బు కాదు, జబ్బుకి గుర్తు. యాడో తిండి ఎక్కువై కుళ్ళతంది. నేను చిటికెడు తవుడే వేస్తన్నా. నువ్వేమన్నా మెతుకులు వేస్తన్నావా?"

"లేదు బాబాయ్."

"వేసేవాళ్ళని చూశావా?"

"చూళ్ళేదు."

చూశాను. రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ రేషను రోజుల్లో బియ్యం దొరకటమే గగనం. దొరికిన గిద్దెడూ కూతురికి వండిపెట్టి, తాను జొన్న సంకటి తిని డ్యూటీకి పోయేవాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే అక్క పళ్ళెంలో అన్నం తీసి మొక్కల వెనక వేసేది. "సయించటంలేదే. మిగిలితే నాన్న బెంగ పెట్టుకుంటాడు. చెప్పబాకు, నా మీదొట్టు" అనేది. సాయంత్రం ఖాళీ పళ్ళెం చూసి ఆయన మురిసిపోయేవాడు. "అన్నం తింటంది, ఇంకేం భయంలేదు" అని వీధంతా చెప్పుకునేవాడు. నేను నోరు విప్పలేదు. ఒట్టు వల్ల కాదు, పిరికితనం వల్ల.

ఒక ఆదివారం పొద్దున అక్క నిద్రలో ఉండగా మొక్కలు పీకి కడగబోయాడు. వేళ్ళ కింద మెతుకులు, బూజు పట్టి, గుప్పెళ్ళకొద్దీ. చెయ్యి నీళ్ళలోనే ఉంచి నా వంక చూశాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"చానాళ్ళ నుంచి బాబాయ్."

ఆస్పత్రి మనిషి. దాని అర్థం ఆయనకు ఎవరూ చెప్పక్కరలేదు. చెయ్యి బయటికి తీసి, "నాకు తెలిసిందని దానికి చెప్పబాకు. నా కోసమని బలవంతాన మింగి కక్కుకుంటది" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇవాళ నేను పాఠం చెప్పే బడిలో ఏ పిల్లయినా అన్నం వదిలేస్తే, తిట్టేముందు ఎందుకని అడుగుతాను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆ తరవాతా పళ్ళెం పెట్టి వెళ్ళేవాడు. "తిన్నావామ్మా?" "తిన్నా నాన్నా." "మా తల్లే!" తెల్లారకముందే లేచి మెతుకులన్నీ ఏరి, పొర తుడిచి, అక్క కళ్ళు తెరిచేసరికి చేపలు కనపడేట్టు చేసేవాడు. గెలిచే పని కాదని తెలిసీ ఒక్కరోజు మానలేదు.

వర్షాలకు ముందే అక్క పోయింది.

నెల తరవాత వాళ్ళింటికి వెళ్ళాను. మంచం ఎత్తేశారు. తొట్టిని ఎవరూ ముట్టుకోలేదు, నీళ్ళు మార్చలేదు. జిగట పొర దానంతట అదే పోయింది. మొక్కలు కొత్త ఆకులు వేశాయి. మిగిలిన రెండు పరిగెలూ హాయిగా తిరుగుతున్నాయి. బాబాయి తొట్టి ముందు కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పళ్ళెం.

"చూడవే, ఎంత తేటగా ఉన్నయ్యో" అన్నాడు. "చూడలేకపోతన్నా."

పళ్ళెంలో తెల్లన్నం. ఇంత తీసి, మొక్కల వెనక్కి చెయ్యి పోనిచ్చి వదిలాడు. మళ్ళీ ఇంత. నేను ఆపలేదు. ఆ నీళ్ళలో ఒక్కొక్క మెతుకూ ఇసుక మీదికి దిగటం స్పష్టంగా కనపడింది.