మూగమెట్టు

కొమరోలు దగ్గరి పల్లె చర్చిలో, కాళ్లతో తొక్కి వాయించే పాత ఆర్గన్‌ను రోజూ తుడిచేది ప్రేమకుమారే. మిరప కోతకు పోయొచ్చి, చేతుల మంట చల్లారకముందే పాత చీరముక్కతో, వేళ్లతో నొక్కే మెట్టు మెట్టూ తుడుస్తుంది. నడిమి మెట్టొకటి ఏళ్లుగా మూగది. పాటలో అక్కడికి రాగానే ఆమె భర్త, సంగీతం మాస్టారు నిత్యానందం, ఆ స్వరాన్ని తన గొంతుతో అందుకునేవారు. ఆయన చనిపోయిన నెలరోజులకు జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. శిష్యుడు ఎజ్రా ఆర్గన్ వాయించాడు. ఆ చోటు దగ్గరపడగానే, ఆయన గొంతు వినపడుతుందన్నట్టు ప్రేమకుమారి ఊపిరి బిగబట్టింది. మెట్టు నిండుగా పలికింది.

"మాస్టారి కోసమని బాగు చేయించినానమ్మా," అన్నాడు ఎజ్రా తర్వాత, సంబరంగా.

ఆమె అతని తల నిమిరింది. "మంచిపని చేసినావు నాయనా. ఇంక ఆ స్వరానికి మీ మాస్టారు రావాల్సిన పనే లేకపాయ."