జల్‌పల్లి బండ కింద దొర పోగొట్టుకున్న కుండ

పదేళ్లుగా ఒక దొరను నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాను. నవ్వకండి. విక్టోరియా రాణి కాలంలో ఎడ్లబండి మీద గుడారం వేసుకొచ్చి, మనవాళ్లు రాక్షసగుళ్లని దడుచుకునే పాతరాతి సమాధులను తవ్విన మనిషి ఆయన. చలిజ్వరం వస్తే మందు మింగి మళ్లీ గుంతలోకి దిగేవాడట. బంగారం అక్కర్లేదు, కుండపెంకు దొరికితే పండగే. బళ్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాక ఆయన జీవితం రాయడానికి కూర్చున్నాను. ఒక్కచోట ముల్లు గుచ్చుకుంది. జల్‌పల్లి దగ్గరి సమాధిలో దొరికిన చిన్న కుండ మాయమైందనీ, తన దగ్గర రాతకోతలు చూసే మున్షీయే ఎత్తుకుపోయాడని పనిలోంచి తీసేశాననీ ఆయన నోటుపుస్తకంలో ఉంది. నేనూ ఆయన్నే నమ్మి ‘దొంగ మున్షీ’ అని ఓ అధ్యాయం రాసిపారేశాను. తీరా చూస్తే ఆ మున్షీ మునిమనవడు నరహరి అయ్యగారు పాతబస్తీలో, ఛత్రినాకలోనే ఉన్నారని తెలిసింది. తరతరాలుగా గుడి అర్చకత్వం చేస్తున్న ఇల్లు. వాళ్ల ముత్తాతను దొంగ అని అచ్చేసే ముందు వాళ్ల మొహం చూడకపోతే నాకు అన్నం సహించదు. ఫోన్ చేస్తే, “పెత్రమాస నాడే రండ్రి అమ్మా, వేరే రోజు వద్దు” అన్నారు. పితృదేవతలకు నీళ్లు వదిలే అమావాస్య నాడు కొత్తమనిషిని రమ్మనడమేమిటో అర్థం కాలేదు.

ఆ రోజు పొద్దున ఏడున్నరకు సికింద్రాబాద్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాను. బయట ఖాదర్ భాయ్ అనే అతని ఆటో దొరికింది. ఛత్రినాకకు రెండు వందలన్నాడు. “రెండు వందలిస్తే చార్మినార్ కూడా ఇంటికి మోసుకొస్తావా భాయ్?” అన్నాను. “చార్మినార్ ఆటోల పట్టదు మేడం, నూటయాభై ఇయ్యుండ్రి” అని నవ్వేశాడు. అతని నవ్వుకే పడిపోయి రోజంతా తనతోనే తిరిగాను. శాలిబండలో ఆపి చాయ్ తాగుతుంటే నా పనేమిటో అడిగాడు. చెప్పాను.

“మీరు దొర దిక్కా, మున్షీ దిక్కా?”

“నిజం వైపు భాయ్” అన్నాను కాస్త గొప్పగా.

“గదే అడుగుతున్న. నిజం ఎవరింట్ల ఉన్నది?”

లేచి చాయ్ డబ్బులిచ్చి ఆటో ఎక్కాను.

తొమ్మిదింటికి ఆ ఇంటి ముందున్నాం. మార్కెట్ వెనక సందు కాబట్టి మీరు వెళ్తే ఆటో మొదట్లోనే ఆపించుకుని నడవండి. అయ్యగారి భార్య సుశీలమ్మ లోపలికి పిలిచి పీట వేశారు. ఇంటినిండా గారెల వాసన. లోపలి గదిలో తడిపంచెతో అయ్యగారు పిండాలు పెడుతున్నారు. తండ్రి, తాత, ముత్తాత అని వరస ముగిసింది. ఆ తర్వాత దూరంగా, నిమ్మకాయంత పిండం ఇంకొకటి పెట్టారు.

“అది ఎవరికమ్మా?” అని మెల్లగా అడిగాను.

“కుండల పాపకు” అన్నారు సుశీలమ్మ, పొయ్యి వైపు చూస్తూనే.

దొర పోగొట్టుకున్న కుండే గుర్తొచ్చింది.

అయ్యగారు లేచి వచ్చారు. డెబ్బై అయిదు దాటిన మనిషి, గొంతు మాత్రం కంచుగంట. “మీ దొర రాసింది నిజమే అమ్మా. మా ముత్తాతే ఎత్తుకపోయిండు. గా కుండల పసిపిల్ల ఎముకలున్నయి. దొర పెట్టెల సర్ది ఓడ ఎక్కిస్తనన్నడట. సముద్రం దాటిపోతే ఈ పిల్లకు నీళ్లిచ్చేటోళ్లెవరు అనుకున్నడు. రాత్రికిరాత్రి తీస్కపోయి, ఇంకో బండ కింద పెట్టి వచ్చిండు.”

“మరి దొరకు చెప్పలేదా?”

“చెప్తె తవ్వుతడు గద! నౌకరి పాయె. సమాధిల ఎముకలు ముట్టిండని గుళ్లె అర్చన గూడ ఏడాది చెయ్యనియ్యలే. అయినా ఎక్కడ పెట్టిండో ఇంటోళ్లకు తప్ప ఎవ్వలకు చెప్పలే.”

“తర్పణంలో పేరు, గోత్రం చెప్పాలి కదండీ?”

“పేరు తెల్వదు, పాప అంటం. గోత్రం మాదే ఇచ్చినం. పసిపిల్లలకు పిండం లేదని తెలిసినోళ్లు లొల్లి చేస్తరు. చెయ్యనీయుండ్రి.”

మీకు దొర మీద కోపం లేదా అంటే తల అడ్డంగా ఊపారు. “మంచోడమ్మా. ముత్తాతకు జరమొస్తే తన మంచమిచ్చి తాను కింద పండుకున్నడంట. ఇంట్ల అందరం చెప్పుకుంటం.”

పదేళ్లు చదివిన నాకు ఆ మంచం సంగతి తెలియదు. దొర ఎక్కడా రాసుకోలేదు. నా దొర మీద ప్రేమ ఇంకాస్త పెరిగింది, సిగ్గు అంతకంటే పెరిగింది.

చెంబులో నువ్వుల నీళ్లు జల్‌పల్లిలో ఆ పాప ఉన్న బండ కింద పోసి వస్తే గాని ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. ఏటా బస్సులో వెళ్తారట. ఈసారి ఖాదర్ భాయ్ ఆటోలో, చాంద్రాయణగుట్ట మీదుగా, ముప్పావుగంటలో చేరాం. రానూపోనూ అయిదు వందలు. చుట్టూ కొత్త కాలనీలు, హద్దురాళ్లు పాతిన ప్లాట్లు. వాటి మధ్య ఏనుగంత బండ. అయ్యగారు వంగి దాని కింది సందులో నీళ్లు పోశారు. ఖాదర్ భాయ్ చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇక ఆగలేకపోయాను. సంచీలోంచి ఆ అధ్యాయం తీసి చూపించాను. “మీ ముత్తాతగారిని దొంగ అని రాశానండీ. క్షమించండి” అంటూ చింపబోయాను. ఆయన చెయ్యి పట్టుకున్నారు.

“చింపకుండ్రి. ఎత్తుకపోయిండనే రాయుండ్రి. ఎందుకో గూడ రాయుండ్రి.”

ఒంటిగంటన్నరకు ఛత్రినాకలో నలుగురం గారెలు, అల్లంపచ్చడి తిన్నాం. ఇంటికొచ్చి అధ్యాయం పేరు కొట్టేసి ‘మున్షీ’ అని మాత్రం ఉంచాను. చచ్చిపోయినవాళ్ల గురించి దొరా, మున్షీ ఇద్దరూ ఒకేలా తపించారు. ఒకరు వాళ్లెవరో తెలుసుకోవాలని, ఇంకొకరు వాళ్లకు ఆకలేస్తుందేమోనని. నా పుస్తకంలో మాత్రం ఇన్నాళ్లూ ఒక్కరికే చోటిచ్చాను.

మీరు జల్‌పల్లి వెళ్తే అక్కడ నీడ ఉండదు, పొద్దున్నే వెళ్లండి, రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లండి. ఒకటి మీకు. రెండోది బండ కింద పోసి రండి, పాపకు.