అత్త దగ్గు

షోలాపూర్‌లో మా ఇంటి ఆరు మగ్గాలూ ఒకేసారి మోగినా మా మామ తల ఎత్తేవాడు కాదు. డెబ్బై ఏళ్ల వయసులోనూ తెగిన పోగులను ఒక్కొక్కటే అతికేవాడు. కోడలి అతుకులు నిలవవని వాడంతా వినేలా నన్ను తిట్టేవాడు.

అత్త క్షయతో దగ్గిదగ్గి చనిపోయిన నెలకు నాకు ఉపాయం దొరికింది. తలుపు చాటున నిలబడి అచ్చం ఆమెలాగే దగ్గాను. అంత మోతలోనూ ఆయనకు వినపడింది. చేతిలో పోగు వదిలేసి, "వస్తున్ననే, వస్తున్న" అంటూ చెంబుతో నీళ్లు తెచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"దగ్గొస్తున్నదా బిడ్డా? తాగు" అన్నాడు.

గటగటా తాగాను. ఆ పూట ఆయన వేసిన అతుకులన్నీ ఊడిపోయాయి. మర్నాడు మళ్లీ దగ్గాను.