గంట ఆగిన చోటు

ఎలీజియో చేతిలో పెరిగిన వేటకుక్క అంటే ఇటలీలోని ఆపెనైన్ కొండల్లో ఎవరూ మారుమాట్లాడరు. తల్లిపాలు మానిన సెట్టర్ జాతి కుక్కకూనలు ఆయన ఇంటికి చేరేవి. అడవి ఉల్లంకి పిట్ట వాసన తగిలితే కొయ్యబారి నిలబడడం, వేటగాడు వచ్చేదాకా కదలకపోవడం నేర్చుకుని వెళ్ళేవి.

దట్టమైన చెట్లలో కుక్క కనబడదు. అందుకని మెడకో చిన్న గంట కడతారు. అది మోగినంతసేపూ కుక్క వెతుకుతున్నట్టు, ఆగితే పిట్ట దొరికినట్టు. ఎలీజియో బతుకంతా ఆ మోత ఎప్పుడాగుతుందా అని చెవులు రిక్కించడంతోనే గడిచింది.

ఈ అక్టోబరులో మాత్రం ముస్కా ఆయన బుర్ర తినేసింది. ఇంట్లోనే పుట్టిన ఆడకుక్క, ప్రాణంలా పెంచుకున్నాడు. గంట ఆగుతుంది. ఈయన రొప్పుతూ ఎగువకు పోతాడు. అక్కడ కుక్కా ఉండదు, పిట్టా ఉండదు. కాసేపటికి ముస్కా ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చి, ఎక్కడికి పోయావన్నట్టు మొహంలోకి చూస్తుంది. గంట చెడిందేమోనని చెవి పక్కన పెట్టి ఊపాడు, బాగానే మోగింది. అయినా మార్చాడు. తిట్టాడు, బతిమాలాడు. దీనికి పొగరెక్కిందా, తనే ఏదైనా తప్పు నేర్పాడా? ఎంత ఆలోచించినా పాలుపోలేదు.

చివరికి కోళ్ళ అన్సెల్మోకు మాట ఇచ్చేశాడు. ఆదివారం వచ్చి తీసుకుపోయి, కోళ్ళదొడ్డి దగ్గర కాపలాకు గొలుసేసి కడతాడట. అప్పటి నుంచీ ఎలీజియోకు ముద్ద దిగడం లేదు.

శనివారం పొద్దున ఆఖరిసారని ముస్కాను అడవికి తీసుకెళ్ళాడు. చెస్ట్‌నట్ కాయలు ఏరుకోవడానికి భార్య నీవెస్ కూడా బుట్ట పట్టుకుని వెంట నడిచింది.

కొంచెం ఎక్కారో లేదో ఎలీజియో చెయ్యెత్తాడు. “ఉష్! ఆగింది.”

“ఏమాగింది?”

“గంటే! మళ్ళీ మొదలెట్టింది దొంగముండ.”

“నీ మొహం. గణగణ మోగుతుంటే ఆగిందంటావేంటయ్యా?”

“వేళాకోళమా?”

“నీతో వేళాకోళమాడే వయసా నాది? అదిగో, వాగు పక్కన.”

ఎలీజియో అటు చూశాడు. పొదలు కదులుతున్నాయి. తెల్లటి తోక కనబడి మాయమైంది. కుక్క పరుగెడుతోంది గానీ చప్పుడు లేదు.

“ఇప్పుడూ మోగుతోందా?”

“మోగుతోందంటే!”

“ఇప్పుడు?”

నీవెస్ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. “ఇదిగో, ఇప్పుడాగింది.”

ఆయనకు తేడా ఏమీ తెలియలేదు. ఆమె వేలు చూపించిన వైపు నడిచాడు. ముస్కా ముందుకాలొకటి ఎత్తి, ముక్కు చాచి, బిగుసుకుపోయి నిలబడి ఉంది. ఆయన పక్కకు వచ్చేదాకా తోక కూడా ఆడించలేదు. ఆకుల్లోంచి ఉల్లంకి లేచి కొమ్మల సందున పోయింది. ఆయన తుపాకి ఎత్తనే లేదు.

అయితే ఇన్నాళ్ళూ ఇది ఎక్కడెక్కడో ఇలాగే నిలబడింది. తను ఎంతకీ రాకపోతే విసిగి వెతుక్కుంటూ వచ్చింది.

నీవెస్ మోకాళ్ళు పట్టుకుని పైకి వచ్చేసరికి ఆయన ఆకుల మీద కూలబడి, కుక్కను పట్టుకుని ఏడుస్తున్నాడు.

“అన్సెల్మోకి ఫోన్ చెయ్యి. కుక్కని ఇవ్వనని చెప్పు.”

“ఎందుకని అడుగుతాడు కదయ్యా.”

“కుక్క బంగారం, చెవుడు నాకని చెప్పు.”

“వాడికి చెప్తే ఊరంతా చెప్పినట్టే. ఇంకెవరూ నీ దగ్గరికి కూనల్ని పంపరు, తెలుసా?”

“తెలుసు,” అన్నాడు ఎలీజియో. “చెయ్యి ఫోను.”