మా బావ బండిని పడవ చేసిన రోజులు

మా బావ మోటార్ సైకిళ్ల మెకానిక్కు. షెడ్డులో గిరాకీ లేనప్పుడు తన సొంత బండినే విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకుంటూ కూర్చునేవాడు. మా అక్క ఆ బండికి సవతి అని పేరు పెట్టింది. "మీ బావ నాకంటే ముందు దాన్నే చేసుకున్నాడే, నేను రెండోదాన్ని" అనేది. అంటూనే ఆ సవతి మీద ఎడమ పక్కకు కూర్చుని ఊరంతా తిరిగేది.

నాకు మాత్రం ఆ మనిషిని చూస్తే ఒళ్లు మండేది. ఏదడిగినా ఊఁ, ఆఁ తప్ప నోట్లోంచి ఇంకో ముక్క రాదు. "గోడతో మాట్లాడితే కనీసం సున్నమైనా రాలుతుంది" అని ఆయన ముందే అనేదాన్ని. దానికీ ఊఁ అనేవాడు. అలాంటి మనిషితో అక్క ఎలా కాపురం చేస్తోందో నాకు అంతుపట్టేది కాదు.

యుద్ధం మా మీద పడేనాటికి అక్క ఏటికి అవతల ఉంది. బావ వాళ్లమ్మ ఆ ఒడ్డున ఒంటరిగా ఉండేది. మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే, చూసుకోవడానికి అక్క వెళ్లింది. ఆ తర్వాత వంతెన పేల్చేశారు. పడవలన్నీ సైన్యం పట్టుకుపోయింది. శత్రువు వస్తున్నది అవతలి ఒడ్డు వైపు నుంచే. మా ఒడ్డున నిలబడి చూస్తే, అక్కడి ఇళ్ల వెనక లేస్తున్న పొగ రోజురోజుకూ దగ్గరవుతోంది.

బావ పొద్దునా సాయంత్రం వెళ్లి ఒడ్డున నిలబడి వచ్చేవాడు. ఒకరోజు అలా వచ్చి షెడ్డులో దూరాడు. నేను వెళ్లి చూసేసరికి బండి ముందు చక్రం ఊడదీసి ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అక్క అక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే, నీకిప్పుడు రిపేర్లు గుర్తొచ్చాయా బావా?"

"రిపేరు కాదు. పడవ" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనకు ఈత కూడా రాదు.

ఖాళీ ఆయిల్ డ్రమ్ముల మూతులు వెల్డింగ్‌తో మూసి, వాటిని ఇనుప మంచం చట్రానికి కట్టాడు. ఆ మంచం అక్కదీ ఆయనదీ. చట్రం మీద బండిని నిలబెట్టి బోల్టులు వేశాడు. వెనక చక్రం డ్రమ్ముల సందులోంచి సగం నీళ్లలోకి దిగేలా వదిలి, దాని చుట్టూ రేకు తెడ్లు బిగించాడు. రేకు కోసం షెడ్డు మీది బోర్డు కోసేశాడు. ముందు చక్రం ఉండాల్సిన చోట చుక్కానికి బదులు ఒక ఇనుప పలక. ఇంజన్ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం నీళ్లను తోస్తుంది, హ్యాండిల్ ఎటు తిప్పితే అటు పోతుంది. ఆయన నమ్మకం అదీ.

తీరా నీళ్లలోకి దింపితే కుడి పక్కకు ఒరిగిపోయింది. పక్క షాపు దర్జీ మోయడానికి సాయం వచ్చాడు. "కొలత లేకుండా చేతి అలవాటుకొద్దీ కుడితే ఇంతే" అన్నాడు. బావ వంగి చూశాడు. ఎడమ వైపు ఒక డ్రమ్ము ఎక్కువ కట్టి ఉంది. కట్టిన సంగతి ఆయనకే తెలియదు. పెళ్లయిన దగ్గర్నుంచీ అక్క ఆయన వెనక ఎడమ పక్కకే కూర్చుంది. బండి అంటే ఎడమ వైపు కాస్త ఎక్కువ మోయాలని ఆయన చేతులకు అలవాటైపోయింది.

"ఆ డ్రమ్ము పీకెయ్ బావా" అన్నాను.

"ఉండనీ. వచ్చేటప్పుడు మీ అక్క ఉంటుందిగా."

గోడ అన్నది ఈ మనిషినేనా అనిపించి, నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. తర్వాత అక్క చోట నేను కూర్చుంటే బండి నిటారుగా నిలబడింది. దర్జీ కూడా ఒక కాలు పెట్టగానే నీళ్లు సీటు దాకా వచ్చాయి. ఇద్దరికి మించి మోయదని తేలిపోయింది.

"మరి ముందు ఎవరిని తెస్తావు?" అని అడిగాను.

"రెండుసార్లు వెళ్తా" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున, పొగమంచులో, అక్క చోట ఇసుక బస్తా కట్టుకుని బయల్దేరాడు. కాసేపటికి మంచులో మనిషి మాయమై శబ్దం ఒక్కటే మిగిలింది. నడి ఏట్లో అదీ ఆగిపోయింది. చాలాసేపటికి మళ్లీ మొదలైంది కానీ అది మునుపటి శబ్దం కాదు, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది.

ఏం జరిగిందో దర్జీకి తర్వాత బావే చెప్పాడట. బండి రోడ్డు మీద పరిగెడితే ఎదురుగాలి తగిలి ఇంజన్ చల్లబడుతుంది. ఏటి మీద నత్తనడకన పోతుంటే గాలి ఎక్కడిది? వేడెక్కి లోపల దెబ్బతింది. బతుకంతా ఇంజన్లతోనే గడిపినవాడు, కంగారులో గాలి సంగతి మరిచిపోయాడు.

మంచు విడిపోయే వేళకు తిరిగొచ్చాడు. వెనక సీటు మీద మనిషి కనపడగానే నేను నీళ్లలోకి పరిగెత్తాను. దగ్గరికి వచ్చాక చూస్తే అక్క కాదు, బావ వాళ్లమ్మ, మా అత్తయ్య. దుప్పటితో ఆమెను బావ వీపుకు గట్టిగా కట్టారు. నొప్పికి మూలుగుతోంది. ఎంత పాపమైనా నిజం చెప్పాలి, ఆ క్షణంలో ఆమెను చూసి నాకు కోపమే వచ్చింది.

"ముందు అమ్మని తీసుకెళ్లమని మీ అక్క పట్టుబట్టింది" అన్నాడు బావ. ముడులు విప్పి, తల్లిని మా చేతుల్లో పెట్టి, ఇంజన్ కొంచెం చల్లారనిచ్చి కిక్కు కొట్టాడు. కిక్కు కిందికి దిగలేదు. రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డా కదల్లేదు. వేడికి పిస్టన్ లోపల బిగుసుకుపోయింది.

అవతలి ఒడ్డున ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. బావ పానా అందుకున్నాడు. గొలుసు తెంపాడు, బోల్టులు విప్పాడు, తాను పసిబిడ్డలా చూసుకున్న ఇంజన్ను ఏట్లోకి తోసేశాడు. వెనక చక్రానికి ఒక ఇనుప పిడి తగిలించి, దాన్ని చేత్తో తిప్పుకుంటూ మళ్లీ బయల్దేరాడు. ఎలా వెళ్లాడో, ఎలా వచ్చాడో చూసినవాళ్లం మేమే నమ్మలేకపోయాం. పొద్దు వాలుతుండగా ఒడ్డు చేరాడు. అరచేతుల్లో చర్మం లేదు. అక్క లేదు. ఇంటి తలుపులు తీసి ఉన్నాయట, వీధిలో మిగిలిన ఒక ముసలాయన, అందర్నీ లారీల్లో ఎక్కించి తీసుకుపోయారని చెప్పాడట. ఎటు తీసుకుపోయారో ఆ రోజూ తెలియలేదు, ఈ రోజుకూ తెలియదు.

ఆ సాయంత్రం నేను ఆయన చేతులకు గుడ్డలు చుడుతున్నాను. అత్తయ్య పక్కనే పడుకుని ఉంది.

"మళ్లీ వస్తానని మాటిచ్చి వచ్చానమ్మా" అన్నాడు బావ. "నమ్మి, గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. వాళ్లొస్తుంటే దాక్కోను కూడా దాక్కుని ఉండదు."

అత్తయ్య చేయి చాచి బావ మోకాలు పట్టుకుంది.

"అది నమ్మలేదురా" అంది. "నన్ను నీ వీపుకు కడుతూ నా చెవిలో చెప్పింది. 'ఇన్నేళ్లు ఆ బండి మీద తిరిగాను, దాని శబ్దం నాకు తెలుసు, ఆ ఇంజన్ ఇంకోసారి రాదత్తయ్యా, ఆయనకు మాత్రం చెప్పకండి, చెబితే ఇక్కణ్నుంచి కదలడు' అని."

బావ తల ఎత్తలేదు.

"రాదని నాకూ అక్కడే తెలిసిందమ్మా" అన్నాడు. "తనకు తెలియలేదులే అనుకుని, వస్తానని చెప్పా."

అత్తయ్య మా వైపు నుంచి గోడ వైపు తిరగాలని చూసింది. విరిగిన తుంటితో తిరగలేక, అలాగే మా ఎదుటే ఏడ్చింది.