చక్రాల కుర్చీలో సియెనా

మా మామా ఇటలీ వెళ్ళాలనుకున్నది ఇటలీ మీద ప్రేమతో కాదు, ఆడపడుచు మీద పంతంతో. మామా అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం యజమానురాలిని మామా అనీ, ఆమె భర్తను బాబా అనీ పిలుస్తాం. అంతకుముందు వేసవిలో ఆ ఆడపడుచు సియెనా అనే పాత ఊరికి వెళ్ళి, ఒక గోడకు ఆనుకుని ఎటో దీర్ఘంగా చూస్తూ ఫోటో దిగి, దాన్ని చుట్టాలందరి ఫోన్లకూ పంపింది. వందల ఏళ్ళ నాడు రాతితో, ఇటుకతో కట్టిన ఊరట అది. మామా ఆ ఫోటో పట్టుకుని వంటింట్లోకి వచ్చి నాకు చూపించింది.

"ఈ గోడ చూడు. పెచ్చులూడిపోయి ఎంత అందంగా ఉందో."

కువైట్‌లో ముబారక్ అల్ కబీర్ ప్రాంతంలోని మా ఇంటి గోడ మీద చిన్న గీత పడితే పెయింటర్‌ను పిలిపించే మనిషి ఆమె. నెల తిరిగేలోపు టికెట్లు కొన్నారు.

తల్లిని వదిలి రానని బాబా మొండికేశాడు. తల్లి రావాలంటే చక్రాల కుర్చీ రావాలి. కుర్చీ రావాలంటే దాన్ని తోసే మనిషి రావాలి. గోదావరి దాటి హైదరాబాద్ కూడా సరిగా చూడని నేను యూరప్ యాత్రకు ఎంపికైంది ఆ విధంగా.

వీసా కోసం బాబా లాకర్‌లో ఉండే నా పాస్‌పోర్టు బయటికొచ్చింది. వేలిముద్రలు తీసుకునే ఆఫీసులో కాసేపు దాన్ని నా చేతికిచ్చారు. ఫోటోలో ఉన్న మనిషి సన్నగా, ఎవరినో నిలదీయబోతున్నట్టు ఉంది. ఇదెవరబ్బా అని పరకాయించి చూసేలోగా మామా దాన్ని లాక్కుని తన బ్యాగులో వేసుకుంది.

"నీ దగ్గరుంటే పోతుంది," అంది.

బయలుదేరే రోజు సామాను కారులోకి ఎక్కిస్తూ మా డ్రైవర్ భాయ్ ఆయాసపడ్డాడు. ఆయనది రాయచోటి. ఒక పెట్టె నిండా బాస్మతి బియ్యం, ఎండు నిమ్మకాయలు, రైస్ కుక్కర్ ఉన్నాయి.

"ఆడ ఏముండాదక్కా సూసేకి?" అని అడిగాడు.

"పాత గోడలంట భాయ్."

"గోడలు సూసేకి ఇంత దూరం పోవల్లనా? మా గండికోట కాడ కావాల్సినన్ని ఉండాయి. వీళ్ళు ఒక్క మాట నాతో చెప్పింటే నేనే తోలకపోయి సూపిస్తా ఉంటిని."

సియెనా కొండ మీది ఊరు. కార్లను లోపలికి రానివ్వరు. ఊరంతా ఎగుడు దిగుడు సందులు, కింద పలకరాళ్ళు. ఆ రాళ్ళ మీద కుర్చీ తోస్తుంటే, చేటలో చెరుగుతున్న పెసల్లా పెద్ద మామా ఎగిరెగిరి పడింది. బాబా తల్లిని మేం పెద్ద మామా అంటాం. ఎగిరిన ప్రతిసారీ ఆమె దేవుణ్ణి తలుచుకుంది. నేనూ తలుచుకున్నాను. మా ఇద్దరి దేవుళ్ళకూ ఆ రోజు తీరిక లేకుండా పోయింది.

మేం దిగింది అద్దెకిచ్చే ఒక పాత ఇంటి కింది అంతస్తులో. తాళాలిచ్చిన ఇటలీ మనిషి గోడ మీద చెయ్యి ఆనించి, ఈ ఇల్లు వందల ఏళ్ళుగా ఇలాగే ఉందని ఎంతో గర్వంగా చెప్పాడు.

మామా గోడంతా పైనుంచి కిందికి చూసింది. "మరి రంగు ఎప్పుడు వేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఆ ఇంట్లో ఆమెకు నచ్చినది ఒక్క బాత్రూమే. కమోడ్ పక్కన కడుక్కోవడానికి ఇంకో చిన్న తొట్టి ఉంది. "వీళ్ళు నాగరికులే," అని బాబాతో అంది. అప్పటిదాకా ఆ విషయంలో ఆమెకు సందేహం ఉన్నట్టుంది.

మొదటి రోజు మధ్యాహ్నమంతా ఆడపడుచు ఆనుకున్న గోడ కోసం వెతికాం. కాలేజీలో చదివే మామా కూతురు ఫోన్లో ఆ ఫోటో పట్టుకుని ముందు నడిచింది. వెనక మామా, ఆ వెనక బాబా, అందరికన్నా వెనక కుర్చీతో నేను. ఊరు నిండా పెచ్చులూడిన గోడలే ఉన్నాయి. కానీ ఏ గోడా ఆ గోడలా పెచ్చులూడలేదు. ఒకచోట మామా ఆశగా ఆనుకుంది. కూతురు ఫోటోతో పోల్చి చూసి, "కాదు, అత్త గోడకు కిటికీ ఉంది," అంది. బాబా ఒక మెట్టు మీద కూలబడి, వచ్చిన పని గోడ దగ్గరే ఆగిపోయిందని గొణిగాడు.

పెద్ద మామా మాత్రం అన్నీ తీరిగ్గా చూసింది. తల తిప్పి నన్ను దగ్గరికి రమ్మంది.

"నా చిన్నప్పుడు కువైట్ కూడా ఇలాగే ఉండేది. ఇవే సందులు, ఇలాంటి నీడే. మా ఇళ్ళు మట్టివి, అంతే తేడా. తర్వాత డబ్బులొచ్చాయి, అన్నీ కూలగొట్టేశారు." చుట్టూ చూసి ఎంతో జాలిగా అంది: "వీళ్ళకు పాపం ఇంకా డబ్బులు రాలేదేమో."

మర్నాడు పెద్ద చర్చికి వెళ్ళాం. నలుపూ తెలుపూ పాలరాతి చారలతో ఉంది. అంత పెద్ద గుడిని నేనెప్పుడూ చూడలేదు. మా ఊరి చర్చి మొత్తం దాని ఒక్క వాకిట్లో పట్టేస్తుంది. మామా దాని ముందు నాలుగు వైపులా తిరిగి ఫోటోలు దిగి, "ఖలాస్, పోదాం," అంది. లోపలికి వెళ్ళడానికి ఎండలో పొడుగాటి క్యూ ఉంది.

"మామా, నేను ఒక్క నిమిషం లోపలికి వెళ్ళొస్తాను," అన్నాను.

"లోపలేముంటుంది? అందమంతా బయటే ఉంది. కుర్చీ ఎవరు పట్టుకుంటారు?"

"నన్ను కూడా లోపలికి తోయి," అంది పెద్ద మామా. "చల్లగా ఉంటుంది."

వాకిలి దగ్గరి మనిషి కుర్చీని చూసి, క్యూ పక్కనుంచి మమ్మల్ని రమ్మని సైగ చేశాడు. తాడు విప్పి దారి ఇచ్చాడు. మా వెనకే రాబోయిన మామాను ఆపి క్యూ చివర చూపించాడు. కువైట్‌లో ఏ ఆఫీసుకు వెళ్ళినా తెలిసిన మనిషిని పట్టుకుని నేరుగా లోపలికి వెళ్ళే మామా ఎండలో నిలబడిపోయింది. ఆమె ముఖం చూడకుండా ఉండటానికి నేను వేగంగా తోశాను.

లోపల స్తంభాలకు కూడా అవే చారలు. నేలంతా రాతిలో పొదిగిన బొమ్మలు. వాటి మీద నడవకుండా తాళ్ళు కట్టారు. నేను ఒక పక్కన మోకరించి, మా అమ్మ కోసం, పిల్లల కోసం ప్రార్థన చేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పెద్ద మామా జపమాల తీసి పూసలు తిప్పుతోంది. నన్ను చూసి చెయ్యి ఎత్తింది, ఆగమన్నట్టు. ఇద్దరం తీరిగ్గా కూర్చున్నాం. అంత ప్రశాంతంగా కూర్చుని నాకు చాలా ఏళ్ళయింది. తర్వాత ఆమె నేలకేసి చూసి అడిగింది.

"ఇంత నేల ఎవరు తుడుస్తారో?"

నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను.

ఆ సాయంత్రం ఊరి నడిబొడ్డున ఉన్న మైదానానికి వెళ్ళాం. ఇటుకలు పరిచిన ఆ మైదానం ధాన్యం చెరిగే చేటలా ఉంటుంది. మూడు వైపులా ఎత్తు, ఒక వైపుకు వాలు, ఆ వాలు చివర ఎత్తయిన గడియార స్తంభం. జనం ఇటుకల మీదే చతికిలబడి ఐస్‌క్రీమ్ తింటున్నారు. కూతురికి నాయనమ్మ ఫోటో కావాల్సి వచ్చింది, ఒంటి నిండా నల్లని అబాయా, వెనక స్తంభం, పైన సాయంత్రపు వెలుగు.

"నువ్వు పక్కకు జరుగు. ఫోటో పాడవుతోంది," అంది నాతో.

"ఇక్కడ వాలుంది," అన్నాను. "బ్రేక్ సరిగా పట్టదు."

"ఒక్క క్షణమే. చేతులు తియ్యి. యల్లా, త్వరగా."

తీశాను. కుర్చీ ఒక క్షణం ఆగింది, ఫోటో కోసమే ఆగినట్టు. తర్వాత కదిలింది. నేను కేక వేసి వెనక పరిగెత్తాను. బాబా పరిగెత్తాడు. మామా అరిచింది. కూతురు ఫోన్ దించలేదు. కింద గైడు ఎత్తిన పచ్చ గొడుగు వెనక నడుస్తున్న పర్యాటకుల గుంపు చెరిసగం విడిపోయి దారి ఇచ్చింది. వాళ్ళూ ఫోన్లు ఎత్తారు. పాతబడిన ఊరు చూడటానికి వచ్చినవాళ్ళకు కదిలేది ఏదో దొరికింది.

చివరికి ఒక లావుపాటి పర్యాటకుడు లేచి, పొట్ట అడ్డం పెట్టి కుర్చీని ఆపాడు. ఆయన చేతిలో ఉన్న ఐస్‌క్రీమ్ పెద్ద మామా ఒళ్ళో పడింది. నేను వెళ్ళి కుర్చీ పట్టుకున్నాను. ఆమె చెప్పు ఒకటి ఎక్కడో పడిపోయింది. ఒళ్ళోని ఐస్‌క్రీమ్‌ను వేలితో తీసి నాకింది.

"పిస్తా," అంది. "ఇంకోసారి పైకి తీసుకెళ్ళు."

"ఎందుకు వదిలావు?" అని మామా నా మీద పడింది. నేను కూతురి వైపు చూశాను. ఆ పిల్ల ఫోన్ చూసుకుంటూ, "వీడియో చాలా బాగా వచ్చింది," అంది. ఆ మాటతో మామా కోపం సగం దిగింది. రాత్రి భోజనానికి ముందే ఆ వీడియో కువైట్ చేరింది. మొదట ఫోన్ చేసింది ఆడపడుచే. చాలా అందమైన ఊరులా ఉంది, పేరేంటని అడిగింది. ఆవిడ అక్కడ గోడ తప్ప ఏమీ చూసినట్టు లేదు.

కువైట్ తిరిగొచ్చాక సాయంత్రాలు చుట్టాలు వచ్చేవారు. నేను గహ్వా కాఫీ పోస్తుంటే మామా వాళ్ళకు సియెనా చరిత్ర చెప్పేది. చర్చి లోపలి బొమ్మల దాకా వచ్చాక, "ఆ నేల ఎలా ఉంటుందంటే..." అని ఆగి నావైపు చూసేది. క్యూలో ఆమె వంతు రాకముందే తలుపులు మూసేశారు మరి. నేను నేల గురించి చెప్పి, ఖాళీ కప్పులు తీసుకుని వెళ్ళేదాన్ని.

శుక్రవారం కువైట్ సిటీలో తెలుగు ఆరాధనకు వెళ్తే మావాళ్ళు చుట్టూ మూగారు.

"పోప్ గారు కనపడ్డారా వదినా?" అని అడిగింది మా జిల్లా నర్సమ్మ.

"ఆయనుండేది రోమ్‌లో. నేనెళ్ళింది వేరే ఊరే."

"మరి ఇటలీ ఎళ్ళి ఏం సూసినట్టు?" అంది ఇంకొకామె. "పోనీ అన్నం దొరికిందా?"

పాస్టరు గారు నన్ను అందరి ముందూ దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచి, ఆ చర్చిలో నా పక్కన పెద్ద మామా జపమాల తిప్పిన సంగతి చెప్పాను. పాస్టరు గారు గబగబా "దేవునికి స్తోత్రం" అని, పాట ఎత్తుకోమన్నారు.

చలి మొదలైన ఒక ఆదివారం, మామా ఇంట్లో లేనప్పుడు, పెద్ద మామా అబాయా వేసుకుని సిద్ధంగా కూర్చుంది. కువైట్ సిటీ పాత బజారు వైపు తీసుకెళ్ళమని డ్రైవర్ భాయ్‌కి చెప్పింది. అక్కడ బ్యాంకు భవనాల మధ్య ఒక కార్ పార్కింగ్ దగ్గర బండి ఆపించింది. నేను ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కార్ల మధ్య తోశాను.

"ఇక్కడ మా గుమ్మం," అంది ఒక తెల్ల కారు చూపించి. "ఇక్కడ వాన నీళ్ళ తొట్టి. అందులోకి చెప్పు విసిరానని మా అమ్మ నన్ను కొట్టింది ఇక్కడే."

నేను ప్రతిచోటా ఆగి చూశాను. సియెనాలో అంతా ఉంది, మామా చూడలేదు. ఇక్కడ ఏమీ లేదు, పెద్ద మామా అన్నీ చూపించింది. పార్కింగ్ కాపలా మనిషి వచ్చి, ఏమైనా పోయిందా, వెతుకుతున్నారా అని హిందీలో అడిగాడు.

"పెద్దామెది ఇల్లు పోయింది సాబ్," అన్నాడు డ్రైవర్ భాయ్ తెలుగులోనే. నా వైపు తిరిగి, "ఎవురికి చెప్పుకోవల్లనో ఏమో," అన్నాడు.

తర్వాత బజారులో కబాబులు తిన్నాం. డాక్టరు వద్దన్న ఊరగాయ ఆమె రెండుసార్లు వేయించుకుంది. ఇంటికి వచ్చేసరికి మామా గుమ్మంలో ఉంది.

"ఎక్కడికెళ్ళారు?"

"ఆస్పత్రికి," అంది పెద్ద మామా.

"డాక్టరు ఏమన్నాడు?"

"వారానికోసారి రమ్మన్నాడు."

నన్ను ఎవరూ ఏమీ అడగక ముందే నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం మేం ఆస్పత్రికి వెళ్ళాం. ఒకసారి చేపల మార్కెట్‌కు, ఒకసారి పడవల రేవుకు, ఇంకోసారి ఆమె పెళ్ళి జరిగిన చోటికి. మామాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. పెద్ద మామా ఆరోగ్యం నిజంగానే బాగుపడింది.